మోటర్ గొంతులో బొక్క

ఆ రోజుల్లో ప్రమాదాలు తమ పేరు తామే చెప్పుకుని వస్తాయని నేను నమ్మేవాణ్ణి. అంత గట్టి నమ్మకం ఏర్పడటానికి నా చదువు కొంత, నా ఉద్యోగం మరికొంత కారణం. మెకానికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, ఆపైన పారిశ్రామిక భద్రతలో ఒక డిప్లొమా కూడా సంపాదించి, కొత్తగూడెం దగ్గర బొగ్గు కోసం పైమట్టి తవ్విపోసే ఒక కాంట్రాక్టు కంపెనీలో సహాయ భద్రతాధికారిగా చేరిన కొత్త. ఆ హోదాకు ముందున్న 'సహాయ' అన్న మాటను నేను పలికేవాణ్ణి కాదు. (చదివేవాణ్ణి కూడా కాదు.) తలకు తెల్ల హెల్మెట్, ఒంటికి చీకట్లో మెరిసే పట్టీల జాకెట్, కాళ్లకు వేళ్ల దగ్గర ఉక్కు తొడుగున్న బూట్లు, భుజాన ప్రథమ చికిత్స పెట్టె. ఈ అలంకారంతో నేను నడిచి వెళ్తుంటే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మాట ఆపి మరీ చూసేవారు. గౌరవమనుకున్నాను. సెలవురోజు కూరగాయలకు కూడా అదే జాకెట్‌తో వెళ్తున్నందువల్ల చూస్తున్నారన్న సంగతి చాలాకాలానికి గానీ తెలిసిరాలేదు.

మా కంపెనీలో భద్రత అంటే నినాదాలు, ప్రతిజ్ఞలు, మాక్ డ్రిల్లులు. మాక్ డ్రిల్లు అంటే ఉత్తుత్తి ప్రమాదం. ఒక కార్మికుణ్ణి నేలమీద పడుకోబెట్టి, అతని మెడలో ఒక అట్టముక్క వేలాడదీస్తారు. అందులో 'ఎడమ కాలు విరిగినది' అని ఉంటే మేము పరుగెత్తుకెళ్లి, అట్ట చదివి, ఎడమ కాలికి బద్దలు కట్టి, స్ట్రెచర్ మీదికెక్కించి, చప్పట్లు అందుకోవాలి. నేను చేరిన యేడు భద్రతా వారోత్సవాల్లో నా జట్టుకు దక్కిన క్షతగాత్రుడు, మా వంతు వచ్చేదాకా కొత్తగూడెం ఎండలో పడి ఉన్నందువల్ల, నిజంగానే సొమ్మసిల్లిపోయాడు. మెడలోని అట్ట మాత్రం 'కుడి చేయి విరిగినది' అంటున్నది. నేను అట్టనే ప్రమాణంగా తీసుకుని, అతని కుడి చేతికి పాఠ్యపుస్తకంలోని బొమ్మకు ఏమాత్రం తీసిపోని కట్టు కట్టాను. అతను కళ్లు మూసుకునే 'నీళ్లు' అని మూలిగాడు. నటన సహజంగా ఉన్నదని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. మాకు రెండో బహుమతి వచ్చింది. ఎవరో మజ్జిగ తెచ్చి తాగించాక అతనికి తెలివి వచ్చింది. నాకు మాత్రం రాలేదు.

నేను అద్దెకున్నది కార్మికుల క్వార్టర్లు దాటాక, టేకు చెట్లు మొదలయ్యే దిక్కున ఉన్న ఒక గల్లీలో, ఒక మేడ మీది గదిలో. ఇంటి యజమాని గనిలో రాయి పేల్చే పని చేసి రిటైరైన మనిషి. గల్లీ అంతా ఆయన్ను బ్లాస్టింగ్ తాత అనేది. ఉద్యోగం ఆయనకు పెన్షన్‌తో పాటు చెవుడును కూడా సమకూర్చిపెట్టింది. దవాఖానాలో ఇచ్చిన చెవి మిషన్ ఒకటి ఉండేది గానీ, "దాంట్ల చప్పుడే వస్తది, మాటలు రావు" అని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మనం ఏం చెప్పినా, ఏం అడిగినా ఆయన ఒకే ప్రశ్నతో జవాబిచ్చేవాడు: "అన్నం తిన్నవా?" అద్దె ఇస్తున్నానన్నా అదే, నీళ్లు రావడం లేదన్నా అదే. ఆయన భార్యను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను 'సేఫ్టీ బిడ్డా' అనేది. ఆదివారం చర్చికి వెళ్లివచ్చి మేకకూర వండటం ఆ ఇంటి ఆనవాయితీ. నీచు ముట్టని నాకు ఆమె ఆరోజు ప్రత్యేకంగా పప్పు చేసి పంపేది. (నేను నీచు ముట్టకపోవడానికీ, ఈ కథ జరగడానికీ ఉన్న సంబంధం కాసేపట్లో తేటతెల్లమవుతుంది.)

ఆ ఇంట్లో మూడో మనిషి మోటర్. మోటర్ అంటే కుక్క. పిల్లగా ఉన్నప్పుడు కడుపు నిండితే బావి మీది మోటరులా గురగుర చప్పుడు చేసేదట. ఆ పేరే స్థిరపడింది. గోధుమరంగు ఒళ్లు, మధ్యరకం ఎత్తు, ఒక చెవి నిలబడి, రెండోది వాలి ఉండేది. తాతకు చెవులు అదే. గేటు చప్పుడైతే వెళ్లి ఆయన లుంగీ అంచు పట్టి లాగేది. కుక్కర్ కూత వేస్తే లాగేది. పెద్దమ్మ పెరట్లోంచి కేకేస్తే మరీ గట్టిగా లాగేది. మధ్యాహ్నం నిద్రపోతున్న తాతను, చాయ మరిగే వేళకు, లుంగీ లాగి లేపేది కూడా అదే. యంత్రాల పనితీరు గురించి కొంత తెలిసినవాడిగా చెబుతున్నాను: అంత తక్కువ ఖర్చుతో, అంత నమ్మకంగా పనిచేసే వినికిడి పరికరాన్ని నేను మరెక్కడా చూడలేదు.

దానికీ నాకూ మధ్య ఒక్కటే తగాదా. నా ఎడమ బూటు. ఉక్కు తొడుగును మాత్రం విడిచిపెట్టి తోలునంతటినీ అది ఒక వారం రోజులు ఓపికగా నమిలింది. చివరికి ఒకనాటి ఉదయం ఆ అవశేషాన్ని చేత్తో పట్టుకుని తాత దగ్గరికి వెళ్లి, ఆయన చెవిలో నోరు పెట్టి, నా ఊపిరితిత్తుల శక్తినంతా ఉపయోగించి, వేళాకోళానికే అన్నాను: "మీ మోటర్ ఇంకోసారి నా బూటు ముట్టుకుంటే దాని గొంతు పిసికేస్తాను తాతా!" ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. అన్నం తిన్నవా అని అడగలేదు. నేను ఆ ఇంట్లో చేరినప్పటి నుంచి ఆయనకు పూర్తిగా వినబడిన వాక్యం అదొక్కటేనని అప్పుడు నాకు తోచలేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను గదిలో కూర్చుని, కంపెనీ నినాదాల పోటీకి పంపడానికి 'భద్రత' అన్న మాటకు ప్రాస వెతుకుతున్నాను. కింది నుంచి పెద్దమ్మ కేక వినిపించింది.

"సేఫ్టీ బిడ్డా! జల్దీ దిగిరా! మోటర్ గొంతుల బొక్క పడ్డది!"

ఇక్కడ కథను కాసేపు ఆపి పాఠకులకు ఒక వివరణ ఇవ్వాలి. కొత్తగూడెంలో బొక్క అంటే ఎముక. మాది ఎర్రుపాలెం వైపు పల్లె. మా అమ్మ పుట్టిల్లు సరిహద్దుకు అవతల, ఆంధ్రలో. నా చదువంతా విజయవాడ హాస్టళ్లలో సాగింది. మాకు బొక్క అంటే రంధ్రం. గోడకు పడుతుంది, బిందెకు పడుతుంది, చొక్కా జేబుకు పడుతుంది. మా ఇంట మాంసం వండరు కనుక, రెండో అర్థం విస్తట్లో ఎదురయ్యే అవకాశం నాకెన్నడూ రాలేదు. అదీగాక నేను క్రియాపదాన్ని కూడా పరిశీలించాను. ఎముక ఇరుక్కుంటుంది, అడ్డం పడుతుంది. ఊరికే 'పడేది' రంధ్రమే. గొంతుకు పడకుండా గొంతులో పడటం కొంచెం వింతగా తోచినా, గొంతు లోపలి గోడకు అని అన్వయించుకున్నాను. మేడమెట్లు దిగేలోగా నా మనసు ఇంత తర్కాన్ని పూర్తిచేసింది. ఆ తర్కంలో వ్యాకరణపరంగా ఈనాటికీ నాకు ఒక్క తప్పూ కనబడదు. తప్పల్లా కుక్కకు ఊపిరి ఆడకపోవడంలో ఉంది.

(మెట్లు వెంటనే దిగానని అనుకోకండి. సంఘటనా స్థలానికి రక్షణ పరికరాలు లేకుండా వెళ్లరాదు. కనుక హెల్మెట్ పెట్టుకుని, దాని పట్టీ గడ్డం కింద బిగించి, జాకెట్ తొడుక్కుని, రబ్బరు చేతితొడుగులు వేసుకుని, పెట్టె తీసుకుని, అప్పుడు దిగాను.)

వాకిట్లో, బట్టలారేసే తీగ కింద, మోటర్ మెడ ముందుకు చాచి నిలబడి ఉంది. నోటి నుంచి చొంగ తీగలుగా కారుతున్నది. ఉండుండి ఒళ్లంతా కుదించుకుని వాంతికి వచ్చినట్టు చేస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వంటి చప్పుడు. ముందరి కాలితో మూతిని అదేపనిగా గీరుకుంటోంది. అది చెప్పగలిగినంత స్పష్టంగా చెబుతూనే ఉంది. కానీ దాని మెడలో అట్ట లేదు. అట్ట పెద్దమ్మ నోట్లో ఉంది.

"దూరం జరగండి పెద్దమ్మా. గుంపు చేరకూడదు," అన్నాను.

"గుంపేడున్నది బిడ్డా? నేనొక్కదాన్నే గదా!"

"బొక్క ఏ వైపు పడింది? ఎడమా, కుడా?"

"గొంతుకు ఎడమ కుడి ఏంది? నడుమ!"

"రక్తం వచ్చిందా?"

"రాలే."

"ఎంత ఉంటుంది?"

"గింత," అని ఆమె తన బొటనవేలు చూపించింది. "నల్లి బొక్క బిడ్డా, నల్లి బొక్క!"

ఈ ప్రాంతంలో మూలుగ ఉన్న ఎముకను నల్లి బొక్క అంటారని నాకెవరు చెప్పాలి? మా వైపు నల్లి అంటే మంచంలో ఉండి మనిషిని కుట్టేది. నల్లి కుట్టిన చోట బొటనవేలంత రంధ్రం ఎలా పడుతుంది? కొత్తగూడెం నల్లులు అడవి పక్కన పెరిగినవి కనుక పరిమాణంలో భిన్నంగా ఉండవచ్చునేమోనన్న ఊహ కూడా వచ్చింది. ఆ కారణ పరిశోధనను తర్వాతికి వాయిదా వేసి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు వెలిగించి, మోటర్ మెడ మీది వెంట్రుకలను పాయలు పాయలుగా విడదీస్తూ రంధ్రం కోసం గాలించసాగాను. రక్తం తాగి ఉబ్బిన రెండు గోమార్లు దొరికాయి. రంధ్రం దొరకలేదు.

"బయట ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? లోపలున్నది!" అన్నది పెద్దమ్మ.

"లోపలిదైతే మరీ ప్రమాదం," అన్నాను.

"గందుకే అంటున్న, బొక్కను తియ్యి! నీకు దండం పెడ్త!"

"రంధ్రాన్ని తీయడం వీలుపడదు పెద్దమ్మా," అని నేను శాంతంగా వివరించాను. (భయపడ్డవారితో శాంతంగా మాట్లాడాలని పుస్తకంలో ఉంది. రంధ్రం అన్న గ్రాంథికపు మాట ఆమెకు అందలేదు.) "పూడ్చాలి."

ఆమె రెండు చేతులూ గుండె మీద వేసుకున్నది. "పూడుస్తవా? ఇంకా పానం పోలేదు గద బిడ్డా!"

ఈ గలాటాకు ఎదురింటి ఆటో అన్న గోడ మీంచి తల పెట్టి చూశాడు. మామూలుగా నన్ను చూస్తే ఏదో ఒక మాట అనకుండా ఉండడు. "ఏంది సేఫ్టీ సార్, మోటర్‌కు గూడ హెల్మెట్ పెడ్తవా?" అన్నాడు. పెద్దమ్మ సంగతి చెప్పగానే నవ్వు ఆపేసి, "అయితే నోరు తెరిచి చూడు సార్, కనవడితే గుంజు," అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. గొంతు లోపల రంధ్రం ఉన్నప్పుడు నోటి గుండా ఏదీ పోనీయరాదన్నది నియమం. ఆ నియమాన్ని ఆయనకు ఎంత అధికారంతో చెప్పానంటే, ఆయన గోడ దిగి వెనక్కి తగ్గాడు. "కొత్త ట్రీట్‌మెంటేమో," అని పెద్దమ్మతో గుసగుసగా అనడం వినిపించింది. మెరిసే జాకెట్‌కు ఈ దేశంలో అంత విలువ ఉంది. అదే నేను లుంగీతో దిగి ఉంటే, ఆయన నన్ను పక్కకు నెట్టి మోటర్ నోరు తెరిచేవాడు. ఈ కథ అక్కడితో ముగిసేది.

అనుమానం వచ్చినప్పుడు పై అధికారిని సంప్రదించాలి. డిప్లొమాలో నాకు పాఠాలు చెప్పిన విజయవాడ గురువుగారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను గోడ మీద నిలబెట్టాను.

"గురువుగారూ, గొంతులో బొక్క పడింది. బొటనవేలంత."

"అమ్మో! మనిషికా?"

"కుక్కకండీ."

"ఎవరికైతేనేంలేవయ్యా, సూత్రం ఒకటే. గాలి లీకవుతోందా?"

"ఈల వినిపిస్తోందండి."

"ఇంకేం, లీకవుతున్నట్టే! శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు వైపులా అతికించెయ్. ఎక్కడా సందు ఉండకూడదు. చేత్తో అదిమిపట్టుకో. సహాయం వచ్చేదాకా వదలకు. అసలు వదలకు!"

ఆయన చెప్పింది అక్షరాలా సరైనదే. మెడకు బయటి నుంచి గాయమై గాలి పోతున్న మనిషికి అదే చేయాలి. పెద్దమ్మ చేత పాల కవరొకటి కడిగించి, కత్తిరించి, మోటర్ మెడకు పెట్టి, తెల్లటి పట్టీతో నాలుగు వైపులా అంచులు సమంగా వచ్చేట్టు అతికించాను. రంధ్రం ఎక్కడుందో తెలియకపోయినా అతుకు మాత్రం చూడముచ్చటగా కుదిరింది. అప్పుడే మోటర్ నాలుక చూశాను. గులాబీరంగు పోయి నేరేడుపండు రంగుకు తిరుగుతోంది. ఈల కూడా సన్నగిల్లింది. గాలి లీకు తగ్గిందని గురువుగారు ఫోన్‌లోంచి సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. నీలిరంగు దేనికి గుర్తో ఏ అట్టా లేకుండానే నాకు తెలుసు.

పెద్దమ్మ మోటర్ వీపు నిమురుతూ నేలమీద కూలబడింది. ఇప్పుడామె కేకలు వేయడం లేదు. "నేనే ఏసిన బిడ్డా, నా చేతుల్తోటి," అన్నది. "ఇది పోతే ముసలాయనకు ఇంకెవరున్నరు? రేపు నేను లోపల పడి సచ్చినా ఆయనకు తెల్వదు. లుంగీ గుంజేటోళ్లు గావాలె గద."

వారోత్సవాల్లో నాకెన్నడూ భయం వేయలేదు. అక్కడ రోగి లేచి టీ తాగుతాడని ముందే తెలుసు. ఇక్కడ నా రెండు చేతుల మధ్యా ఒక ముసలాయన చెవులు ఆగిపోతున్నాయి. నాకు చేతనైనదల్లా అదిమిపట్టుకోవడం. గురువుగారు వదలవద్దన్నారు. నేను వదలలేదు.

సరిగ్గా ఆ సమయానికి బ్లాస్టింగ్ తాత బయటికి వచ్చాడు. చాయ వేళ దాటినా తన లుంగీని ఎవరూ లాగకపోవడంతో, తనంతట తానే మేలుకుని, కారణం కనుక్కుందామని వచ్చినట్టున్నాడు. గడపలో నిలబడి చూశాడు. ఆయనకు బొక్క అన్న మాట వినబడలేదు. పెద్దమ్మ ఏడుపు వినబడలేదు. గురువుగారి ఉపదేశమూ వినబడలేదు. కనబడింది ఒక్కటే. హెల్మెట్ పెట్టుకున్న కుర్రవాడు మోకాళ్ల మీద కూర్చుని, రబ్బరు తొడుగులు వేసుకున్న రెండు చేతులతో, తన మోటర్ గొంతును పట్టుకుని ఉన్నాడు. పక్కనే నేలమీద, ఆనాటి నుంచి వాకిట్లోనే ఉన్న ఆ కుర్రవాడి ఎడమ బూటు, తోలు లేనిది, పడి ఉంది.

"ఓరి నీ! బూటు కోసం నా మోటర్‌ను పిసికి సంపుతున్నవారా!"

ఆ కేకకు టేకు చెట్ల మీది కాకులు లేచాయి. వస్తూనే ఆయన మోటర్ వెనక కాళ్లు రెండూ ఒక చేత్తో పట్టి పైకెత్తాడు. రెండో చేయి దాని కడుపు కింద, పక్కటెముకలు ముగిసే చోట వేసి, నా నుంచి విడిపించడానికి తన వైపుకు ఒక్క గుంజు గుంజాడు. నేను నియమానుసారం వదలలేదు. ఆయన మళ్లీ గుంజాడు. గనిలో ఇనుప గడ్డపారలు ఆడించిన చేతులవి. "తాతా, ప్రథమ చికిత్స!" అని అరిచాను. "వదల్రా!" అన్నాడాయన. "వదలకు!" అన్నారు గురువుగారు. మూడోసారి గుంజేసరికి పాల కవరు ఊడి నా చేతుల్లోకి వచ్చింది. నేను వెల్లకిలా పడ్డాను. మోటర్ తలకిందులుగా తాత మోచేతికి వేలాడుతూ, లోపలి నుంచి తవ్వుకొచ్చినట్టు ఒక్క దగ్గు దగ్గింది. దాని నోట్లోంచి ఏదో వచ్చి నా హెల్మెట్‌కు తగిలి ఠక్కుమన్నది.

(నా ఉద్యోగ జీవితంలో ఆ హెల్మెట్ నిజంగా అడ్డుకున్న ప్రమాదం ఇంతవరకూ అదొక్కటే.)

తర్వాత గాలి పీల్చుకుంటున్న చప్పుడు. పెద్ద చప్పుడు, బావి మీది మోటరు తిరిగి పట్టుకున్నప్పటి చప్పుడు. పెద్దమ్మ ఏడుస్తూ నవ్వుతూ వచ్చి, నా పక్కన పడ్డదాన్ని ఏరి కళ్లముందు పెట్టింది. "అదిగో బొక్క! వచ్చింది, దీని బొందల బొక్క!"

నేను లేచి కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి పరీక్షించాను. "ఇది ఎముక కదండీ," అన్నాను.

"అవ్, బొక్క! ఇందాకట్నుంచి ఏమంటున్న నేను?"

గోడ మీంచి గురువుగారి గొంతు ఆదుర్దాగా అడిగింది: "ఏవయ్యా, బొక్క మూసుకుందా?"

"బయటికొచ్చిందండి."

"బొక్క బయటికి రావడమేంటయ్యా?" అన్నారాయన. శాస్త్రం తెలిసిన మనిషి కనుక ఆ ప్రశ్న ఆయన్ను చాలాకాలం వేధించి ఉంటుంది. నేను మాత్రం అప్పుడు ఫోన్ పెట్టేశాను.

వెంటనే మోటర్‌ను ఆటోలో పశువుల డాక్టరు ఇంటికి తీసుకెళ్లాం. తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని, నాకు అందకుండా అటు తిరిగి కూర్చున్నాడు. డాక్టరు గొంతు లోపల లైటు వేసి చూసి, గీరుకున్నదే తప్ప భయం లేదని చెప్పి, మందిచ్చాడు. "ఫస్టు నోరు తెరిచి చూడాలె. కనవడితే పైలంగ పట్టుకారుతోని తియ్యాలె, కనవడకుంటే వేలు పెట్టి లోపలికి నెట్టొద్దు. వెనక కాళ్లు లేపి, పక్కబొక్కల కింద నొక్కి గుంజితే బయటికొస్తది. ఎవరు చేసిండ్రోగని కరెక్టుగ చేసిండ్రు. ఎవరది?" అని అడిగాడు. పెద్దమ్మ తాతను చూపించబోయింది. అంతకన్నా ముందే తాత, నేరస్థుణ్ణి గురించి అడుగుతున్నారనుకుని, నా వైపు వేలు చాపి, "వీడే!" అన్నాడు. డాక్టరు లేచి నాకు చేయి కలిపాడు.

ఆ కరచాలనాన్ని ఆటో అన్న చూశాడు. ఆటో అన్న చూసింది టీ కొట్టు విన్నది. టీ కొట్టు విన్నది మా మేనేజర్ గారి చెవిన పడింది. మా కంపెనీకి రాబోయే వారోత్సవాల్లో చెప్పుకోవడానికి ఒక ప్రాణరక్షణ అవసరం. అది మనిషి ప్రాణమే అయి ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు. నేను మేనేజర్ గారి గదికి వెళ్లి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. కుక్కను కాపాడింది ఆ పెద్దాయనేననీ, నేను చేసింది కాపాడకుండా ఆపడమేననీ కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "దాన్నే టీమ్ వర్క్ అంటారయ్యా," అన్నారు. "పెద్దాయన్ను కూడా పిలుద్దాం. కుక్కను కూడా."

ఈలోగా ఇంట్లో నా పరిస్థితి సుఖంగా లేదు. తాత నాతో మాట మానేశాడు. నేను మెట్లు దిగితే మోటర్‌కూ నాకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పెద్దమ్మ ఆయన చెవి దగ్గర అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. "సంపలేదయ్యా, బొక్క పడితే తియ్యబోయిండు!" అని ఆమె అంటే, "అవ్, బూటు గురించే," అని ఆయన తల ఊపేవాడు. న్యాయంగా చూస్తే మా ఇద్దరిలో ఆయనే నయం. ఆయన కారణం తప్పుగా అర్థం చేసుకుని పని సరిగ్గా చేశాడు. నేను ఎంతో సదుద్దేశంతో దానికి పూర్తి విరుద్ధంగా చేశాను. మరి ఆయన ఎందుకు మాట్లాడాలి? ఇవన్నీ తెలిసినా, ఏం చెప్పినా 'అన్నం తిన్నవా' అని అడిగే మనిషి ఆ మాట అడగడం మానేస్తే, పప్పన్నం కూడా గొంతు దిగదని నాకు అప్పుడే తెలిసింది.

వారోత్సవాల సభ నాడు తాత చర్చికి వెళ్లే తెల్ల చొక్కా వేసుకుని, మోటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వేదిక మీద గంభీరంగా కూర్చున్నాడు. సభ తన కుక్క గురించేనని పెద్దమ్మ సైగలతో చెప్పి పంపింది. మేనేజర్ గారు మా కంపెనీ శిక్షణా విధానం మూగజీవాలకు సైతం ఎలా విస్తరించిందో చాలాసేపు చెప్పి, నన్ను ముందుకు పిలిచి, భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడు తాత లేచాడు. ఆయనకు మైకుతో పనిలేదు.

"గీనికా? నా మోటర్ గొంతు పిసికినోనికి శాలువ కప్పుతున్నరా? బూటు నమిలిందని సంపబోయిండు వీడు! నేను గుంజకుంటే పానం పోతుండె!"

ఆ తర్వాత కార్మికుల వైపు నుంచి లేచిన చప్పట్ల వంటివి ఆ కంపెనీలో అంతకుముందు గానీ, నేనున్నంతకాలం గానీ మళ్లీ వినలేదు. ముందువరుసలో నిలబడి ఈల వేసినవాడు, ఎండలో సొమ్మసిల్లితే నేను కుడి చేతికి కట్టు కట్టిన ఆ కార్మికుడే. మేనేజర్ గారు మాత్రం చెక్కుచెదరలేదు. "ప్రమాద సన్నివేశాన్ని పెద్దాయన మన కళ్లకు కట్టినట్టు నటించి చూపించారు," అని ప్రకటించారు. న్యాయనిర్ణేతలు తలలూపారు.

నేను శాలువా తీసి తాత భుజాల మీద కప్పాను. మాట చెప్పి లాభం లేదు కనుక రెండు చేతులూ జోడించాను. ఆయన నా చేతులను కాసేపు పరిశీలనగా చూశాడు. తొడుగులు లేవని నిర్ధారించుకున్నట్టు. తర్వాత శాలువా అంచు వేళ్ల మధ్య నలిపి, బట్ట మందంగానే ఉందనిపించి కాబోలు, దాన్ని తీసి మోటర్ మీద కప్పాడు. దాని నిలబడ్డ చెవి శాలువా అంచులోంచి బయటికి వచ్చింది. అప్పుడు నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టే, అడిగాడు: "అన్నం తిన్నవా?"

ఇప్పుడు నేనే శిక్షణ ఇస్తుంటాను. హోదాకు ముందు 'సహాయ' లేదు. నా మాక్ డ్రిల్లుల్లో అట్టలుండవు. 'ఏమైందో చెప్పండి సార్' అని కుర్రవాళ్లు అడిగితే, వంగి చూడమంటాను. నిరుడు ఎముకను బొక్క అని నోరుజారితే మా అమ్మ, "వీడిక్కడివాడు కాకుండా పోయాడు," అని నవ్వింది. ఈమధ్య పెద్దమ్మకు ఫోన్ చేశాను. మోటర్ ముసలిదైంది, పళ్లు సగం పోయాయి, ఆ శాలువా మీదే పడుకుంటోంది, అయినా చాయ వేళకు లేచి లుంగీ లాగే పని మాత్రం మానలేదు అని చెప్పింది. మేం మాట్లాడుతుండగానే ఫోన్ మోగిన సంగతి అది తాతకు చేరవేసినట్టుంది. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎవరే అది?"

"సేఫ్టీ బిడ్డ!" అని పెద్దమ్మ అరిచింది.

ఆ పాత బ్లాస్టింగ్ గొంతు అన్నది: "మోటర్‌ను జర లోపల కట్టెయ్. వాడు అన్నం తిన్నడా అడుగు."

తిన్నానని చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకుంటే, గడ్డం కింద హెల్మెట్ పట్టీ బిగించుకుని, చేతిలో పాల కవరుతో, లేని రంధ్రం కోసం ఒక కుక్క మెడంతా గాలిస్తున్న ఆ కుర్రవాడు కాసేపు కనబడ్డాడు. పాపం, అంచులు మాత్రం ఎంత సమంగా అతికించాడో.